బుట్టెడు మెత్తబడ్డ జామపండ్లు

మా ఆయనది సెలూన్. కత్తెర పట్టి ముప్పై ఏళ్ళయింది, ఇంతవరకు ఒక్క చెవి తెగలేదు. అంత నిదానస్తుడికి ఉన్నట్టుండి అడవి పిచ్చి ఎలా పట్టిందో నన్నడగకండి, నాకు ఒళ్ళు మండుతుంది.

షాపు వెనక రెండు గదుల్లో మా కాపురం. వంటగదికి కిటికీ లేదు. తలుపు తీస్తే షాపులో ఎగిరే వెంట్రుకలన్నీ నేరుగా అన్నంలోకే. అందుకే ఊరి చివర కాస్త స్థలం కొనగానే నేను ఇంటి కొలతలు రాసి పెట్టుకున్నాను. ఈయనేమో షాపు సెలవని ఒక మంగళవారం పొద్దున్నే వెళ్ళి అక్కడ మామిడి, నేరేడు, సపోటా, పనస, బొప్పాయి, ఏది దొరికితే అది నాటేసి, బురద కాళ్ళతో పెళ్ళికొడుకులా నవ్వుతూ ఇంటికొచ్చాడు.

పండ్ల అడవి పెంచుతాడట. పెద్ద చెట్టు నీడన చిన్న చెట్టు, దాని కింద పొద, పొద మీదికి తీగ. దున్నేది లేదు, మందులు కొట్టేది లేదు. రాలిన ఆకు రాలినచోటే కుళ్ళాలి. దానంతట అది మొలిచినదాన్ని పీకకూడదు. వింటుంటే నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎవరో ఇచ్చిన బుట్టెడు జామపండ్లు మెత్తబడి మూలన పడున్నాయి. బుట్ట చంకన పెట్టుకుని విసవిసా ఆ స్థలం దాకా నడిచి, ఇవి కూడా కుళ్ళబెట్టుకోండని మొత్తం కంచె మీంచి విసిరికొట్టాను. ఈయన వగరుస్తూ నా వెనకే వచ్చాడు.

ఆ కంచె దగ్గరే పందెం వేసుకున్నాం. మూడేళ్ళలోపు ఆ అడవి నుంచి ఒక్క పండైనా నా చేతిలో పడాలి. పడకపోతే చెట్లు కొట్టేసి ఇల్లు కట్టాలి.

ఇక రోజూ సాయంత్రం షాపు ఊడ్చిన వెంట్రుకలన్నీ గోనెసంచిలో మోసుకుపోయి మొక్కల మొదళ్ళలో పరిచేవాడు. తడి ఆరనివ్వవట. పోస్టుమాస్టరుగారు వచ్చినప్పుడల్లా తన జుట్టు ఏ చెట్టుకు వేశావని ఆరా తీసేవారు. ఆయన నెత్తిన ఉన్నదే గుప్పెడు, దానికి మళ్ళీ లెక్కలు.

పందెం మాత్రం నా వైపే మొగ్గింది. మామిడి పూత గాలికి రాలిపోయింది. నేరేడు, పనస ఆకులు చూపించి ఊరుకున్నాయి. బొప్పాయిలు ఆరు వేస్తే ఆరూ మగవే అయ్యాయి. అచ్చం మీ సెలూన్‌లాగే ఉందని నేను పడీపడీ నవ్వితే ఆయనా నవ్వాడు. ఓడిపోయేవాడు అలా నవ్వడని నాకు తట్టి ఉండాల్సింది.

గడువు ఇంకా నాలుగు రోజులుందనగా కొలతల టేపు పట్టుకుని నేనొక్కదాన్నే వెళ్ళాను. లోపల అడుగు పెడితే నేల కనబడదు. మొహానికి సాలెగూడు, చెవి పక్కన తేనెటీగ, నెత్తి మీద పిట్టల గోల. టేపు తీగకు చిక్కుకుంది. నా స్థలంలో నేనే దారి తప్పాను. కంచె మూలకు వచ్చేసరికి నుదుటికి ఏదో తగిలింది. జామపండు, పచ్చగా పండింది.

మా ఆయన జామ నాటనే లేదు. చుట్టూ చూస్తే అన్నీ జామచెట్లే, నేను విసిరిన పండ్లు ఎలా దొర్లితే అలా. నాకు నవ్వు ఆగలేదు. కూలబడి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాను.

అక్కడే తినేసి మూతి తుడుచుకుంటే అడిగే దిక్కు లేదు. నాలుగు రోజులు నోరు మూసుకుంటే నా కిటికీ నాకొస్తుంది. పండు నోటిదాకా వెళ్ళింది కూడా, అబద్ధమెందుకు. అప్పుడు చూశాను చెట్టు మొదట్లో. మిగతా వాటికన్నిటికీ చారెడేసి వెంట్రుకలైతే, దీనికి పరుపంత మందం.

పరుగున షాపుకొచ్చి పడ్డాను. పోస్టుమాస్టరుగారికి ఒక చెంప గీయడం అయింది, రెండో చెంప మీద నురగ ఉంది. పండు మా ఆయన చేతిలో పెట్టాను.

"గెలిచారు పొండి."

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది నువ్వు వేసిన చెట్టు కదే. నేను వేసినవి ఒక్కటీ కాయలేదు. గెలిచింది నువ్వే, ఇల్లు కట్టుకుందాం."

"తెలిసి కూడా ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే పీకేసేదానివి."

పీకేసేదాన్నే. అయినా ఒప్పుకుంటానా? పండు నా చేతిలో పడింది కాబట్టి ఆయనే గెలిచాడని నేను, కాదు నువ్వే గెలిచావని ఆయన. తగువు తీర్చమని పండు పోస్టుమాస్టరుగారి చేతికిచ్చాం. ఆయన నురగ మూతితోనే సగం తినేసి, బాగుందన్నారు. రెండో చెంప సంగతి చూడమన్నారు.

ఇప్పుడు మళ్ళీ కొలతలు తీస్తున్నాను. నేరేడుకు తగలకుండా, పనసకు తగలకుండా, ఆ పనికిమాలిన మగ బొప్పాయిలకు కూడా తగలకుండా. కంచె మూలన ఉన్న జామలకు ఇవతల ఒక గది, దాని పక్కన ఓ వంటిల్లు పడతాయి. కిటికీ జామచెట్టు వైపు పెట్టిస్తున్నాను. పొయ్యి దగ్గర నుంచుని చెయ్యి చాపితే పండు అందాలి.