నాలుగో డిమాండు

2020 జనవరిలో గుడివాడ బస్టాండులో నిలబడి ముసలివాళ్ళ నోళ్ళలోకి తొంగిచూసే అమ్మాయి ఎవరికైనా కనబడి ఉంటే, ఆమె హిమబిందు. పెదపారుపూడి రైతుల ఇంటి పిల్ల. ముదినేపల్లి రోడ్డులోని డెంటల్ కాలేజీలో ఆఖరి సంవత్సరం, అక్కడి విద్యార్థి సంఘానికి కార్యదర్శి. ఏ పెద్దాయన ఆవలించినా ఆశగా చూసేది. పళ్ళు కనబడితే ముఖం తిప్పుకునేది.

ఆ పిల్లను తప్పుపట్టి లాభం లేదు. పళ్ళ డాక్టరు చదువులో కోటా అని ఒకటుంటుంది. ఇన్ని పళ్ళు పీకాలి, ఇన్ని నింపాలి, రెండు పూర్తి కట్టుడుపళ్ళ సెట్లు తయారుచేసి పెట్టాలి. అన్నిటికీ సార్ల సంతకాలు పడితేనే పరీక్షకు కూర్చోనిస్తారు. పీకడానికి పన్ను ఎక్కడైనా దొరుకుతుంది. ఒక్క పన్ను కూడా లేని నోరు దొరకడమే గగనం. వందమంది విద్యార్థులు, ఒక మోస్తరు ఊరు. బోసినోటి తాతలకు ఆటోలు కట్టించి, ఇడ్లీలు తినిపించి, ఒకరి పేషెంటును ఇంకొకరు ఎగరేసుకుపోయేవాళ్ళు.

హిమబిందుకు ఒక సెట్టు అయింది. రెండోదానికి దొరికిన మనిషి పెద్దింట్లమ్మ. నాగాయలంక అవతల సముద్రపొడ్డు పల్లె. రెండు బస్సులు మారి మంగళవారం మంగళవారం ఎండుచేపల గంపతో గుడివాడ వచ్చేది.

"వయసెంతండీ?" అని కేస్ షీటు నింపుతూ అడిగింది హిమబిందు.

"ఉప్పెనప్పుడు నా చంకలో ఏడాది బిడ్డ. నువ్వే లెక్కేసుకో, చదువుకున్నదానివి."

దివిసీమలో చాలామంది పెద్దవాళ్ళు అలాగే చెబుతారు. రాజుల పేర్లతో కాలాన్ని కొలిచిన దేశాలున్నాయి, నదుల వరదలతో కొలిచిన దేశాలున్నాయి. ఇక్కడివాళ్ళకు మాత్రం డెబ్భై ఏడు నవంబరుకు ముందు, తరవాత. ఆ నీళ్ళు చూసిన మనిషి తెల్లకోటు వేసుకున్న పిల్లకు భయపడుతుందా? ధీమాగా కుర్చీలో వెనక్కి వాలింది.

పై పళ్ళు ఏనాడో పోయాయి. కింద ముందువైపు నాలుగు మిగిలాయి. "ఈ నాలుగూ నా కత్తెర, అమ్మాయ్" అంది. వల బాగుచేసేటప్పుడు దారం వాటితోనే కొరికేది.

హిమబిందు వేలితో కదిపి చూసింది. ఆ వయసులో ఎవరివైనా కదిలినంతే కదిలాయి. నాలుగూ ఉంటే అది పూర్తి సెట్టు కిందికి రాదు, కోటాలో లెక్కకు రాదు. షీటులో 'బాగా కదులుతున్నాయి' అని రాసింది. రాజారత్నం సారు కళ్ళజోడు సర్దుకుని, షీటునే చూసి సంతకం పెట్టారు.

"ఇవి తీసేస్తే పైనా కిందా మొత్తం కొత్తవి పెడతానండీ. మామిడికాయ కొరకొచ్చు."

"ఎప్పటికిస్తావు?"

"ఉగాదికల్లా."

నాలుగూ పీకాక చిగుళ్ళు మానడానికి ఆరు వారాలు పట్టింది. మార్చి మొదట్లో మొదటి అచ్చు తీసింది. ప్లాస్టరుతో పోసిన దవడ నమూనా మీద 'పెద్దింట్లమ్మ, నాగాయలంక' అని పెన్సిలుతో రాసి ల్యాబులో అరమీద పెట్టింది. ఆ ఏడు ఉగాదినాడు దేశమంతా తలుపులు వేసుకుంది.

ఇక ఫోన్లు మొదలయ్యాయి. పెద్దింట్లమ్మకు ఫోను లేదు. పక్కింటి కుమారి ఫోనులోంచి వారానికోసారి మాట్లాడేది.

"అమ్మాయ్, నా పళ్ళెంతవరకొచ్చినయ్యి?"

"కాలేజీ మూసేశారండీ. తెరవగానే..."

"మూసేస్తే పళ్ళేం చేత్తయ్యి, లోపలే ఉంటయ్యి గదా. కోడలు రోజూ చారన్నమే పిసికి పెడతంది. ఎండుచేప వాసన చూసి ఊరుకుంటన్నా. దారం తెంపాలన్నా దాన్నే పిలవాలి."

వెనకనుంచి కుమారి నవ్వు వినిపించేది. "డాక్టరుగారూ, ఈవిడిప్పుడు అరిచినా ఎవరికీ అర్థం కావట్లేదండీ, వాడంతా ప్రశాంతంగా ఉంది!"

"నీ పళ్ళూడ! అప్పుడు తెలుస్తది" అనేది ముసలమ్మ.

హిమబిందు కూడా నవ్వేది. ఫోను పెట్టేశాక ఆ నవ్వు నిలిచేది కాదు.

సంఘం ఊరికే కూర్చోలేదు, ఆ మాట చెప్పాలి. హాస్టల్లో చిక్కుకుపోయిన పిల్లల్ని ఇళ్ళకు చేర్చింది. పంటినొప్పికి ఒక ఫోను నంబరు పెట్టి, వంతులవారీగా పదిమంది కూర్చున్నారు. ముదినేపల్లి చేపల చెరువుల దగ్గరనుంచి, బందరు సందులనుంచి దవడలు వాచినవాళ్ళు ఫోను చేసేవాళ్ళు. ఉప్పునీళ్ళు పుక్కిలించండి, ఫలానా మాత్ర వేసుకోండి అనడం తప్ప వీళ్ళ చేతుల్లో ఏమీ లేదు. "నోట్లో పెట్టాల్సిన చెయ్యి ఫోన్లో పెడితే ఏం లాభం" అనేవాడు వరుణ్, సంఘంలో ప్రతిదానికీ హాస్యమాడేవాడు. జూలై నాటికి వాడు కూడా హాస్యాలు మానేశాడు.

అసలు పోరాటం కోటా మీద. పేషెంట్లు లేరు, కోటా పూర్తికాదు, పరీక్ష ఉండదు, ఏడాది పోతుంది. యూనివర్సిటీకి అర్జీ రాయాలని కంప్యూటర్ మీటింగు పెట్టారు. అర్జీ రాసింది హిమబిందే. మొదటి డిమాండు, కోటా రద్దు. రెండోది, ప్రాక్టికల్స్ బొమ్మ దవడల మీద పెట్టడం. మూడోది, పేషెంట్లను వెతికి తెచ్చే భారం ఇకమీదట ఏ బ్యాచ్ మీదా వేయకపోవడం. నాలుగోది, సగంలో ఆగిన పేషెంట్ల పని కాలేజీలే పూర్తిచేయడం.

"నాలుగోది తీసేద్దాం హిమా" అన్నాడు సంఘం అధ్యక్షుడు శశిధర్. "మూడూ మన సమస్యలు. నాలుగోది కాలేజీలకు ఖర్చు. అదుంటే అర్జీ మొత్తం పక్కన పడేస్తారు."

"సగంలో వదిలేసినవాళ్ళు ఉన్నారు కదా."

"మనం పాసైతేగా వాళ్ళకి చెయ్యగలిగేది? ముందు ఒడ్డునపడదాం."

తెరమీద అరవై చిన్నచిన్న ముఖాలు. హిమబిందు నాలుగో డిమాండు మీద కర్సర్ పెట్టి వెనక్కి చెరిపేసింది. రెండు వాక్యాలు పోవడానికి నాలుగు క్షణాలు పట్టింది.

అర్జీకి జవాబు లేదు. మళ్ళీ రాశారు. ట్విట్టర్లో హోరెత్తించారు. ఇళ్ళ ముందు ప్లకార్డులు పట్టుకుని ఫోటోలు దిగారు. 2021 జనవరిలో సర్క్యులర్ వచ్చింది. మూడు డిమాండ్లూ ఒప్పుకున్నారు. వాట్సాప్ గ్రూపు టపాకాయల బొమ్మలతో నిండిపోయింది. హిమబిందు కూడా ఒకటి పెట్టింది.

కాలేజీ తెరిచిన రోజున ఆమె నేరుగా ల్యాబుకు వెళ్ళింది. భవనాన్ని కొన్ని నెలలు క్వారంటైన్ సెంటరుగా వాడారు. అరలన్నీ కడిగి ఉన్నాయి. ప్లాస్టరు దవడలు ఒక్కటీ లేవు. తవ్వకాల్లో ఎముకలు మట్టైపోయినా పళ్ళు మాత్రం వేల ఏళ్ళు మిగిలి దొరుకుతాయంటారు. ఈ దవడలు ఏడాది కూడా ఆగలేదు.

"మళ్ళీ అచ్చు తీస్తాను సార్. సెట్టు చేయించండి" అంది రాజారత్నం సారుతో.

"కోటా తీసేయించింది మీరే కదమ్మా. సెట్లు లేవని ల్యాబు టెక్నీషియన్‌ని తీసేశారు. ఎవరు చేస్తారు?"

జూనియర్ల దగ్గరికి వెళ్ళింది. మంచి కేసు, అచ్చు నేనే తీసిపెడతాను, మీ పేరు మీద చెయ్యండి అని బతిమాలింది. "మాకూ తీసేశారుగా అక్కా. థ్యాంక్యూ అక్కా" అన్నారు వాళ్ళు, నిజంగానే కృతజ్ఞతతో. నిరుడు ఒక్క బోసినోటి కోసం కొట్టుకున్న కాలేజీలో ఇప్పుడు ఆ నోరు ఎవరికీ అక్కర్లేదు.

ఈ సంగతి చెబుదామని కుమారికి ఫోన్ చేసింది. స్విచ్ఛాఫ్. మర్నాడూ అంతే. నెల తిరిగినా అంతే.

పరీక్ష పాసైంది. హౌస్ సర్జన్లను కోవిడ్ డ్యూటీలకు వేస్తున్నారు. మిగతావాళ్ళు గుడివాడ, బందరు అడిగితే ఈమె నాగాయలంకకు దగ్గరని అవనిగడ్డ అడిగింది. మే నెల, రెండో విడత జోరు. స్కూలు వరండాలో బల్ల వేసుకుని, ప్లాస్టిక్ సూటులో ఉడికిపోతూ రోజుకు రెండొందల గొంతుల్లో పుల్ల పెట్టి తీసేది.

తొమ్మిదో రోజున లైన్లో ఎవరో ఒకావిడ, వెనక పెద్దింట్లమ్మ. చెంపలు లోపలికి పోయాయి.

"పెద్దింట్లమ్మగారూ! నేనండీ, హిమబిందుని. పళ్ళు తీసిన అమ్మాయిని."

ముసలమ్మ ఆ సూటును పైనుంచి కిందికి చూసింది.

"నువ్వా! ఎవరో చంద్రుడి మీంచి దిగొచ్చాడనుకున్నా. పళ్ళు తెచ్చావా?"

లైను లైనంతా నవ్వింది.

"ఫోన్ చేశానండీ..."

"ఫోను చెరువులో పడిందండీ" అంది ముందున్నావిడ, ఫోన్లో విన్న కుమారి గొంతుతో.

"తెచ్చావా, లేదా?"

"లేదండీ."

"మరా చేతిలో ఏంటి?"

"గొంతులో పెట్టే పుల్ల."

"కానియ్ మరి" అని నోరు తెరిచింది.

కింది చిగురు కనబడింది. నాలుగు పళ్ళూ ఉన్నచోట దవడ అప్పుడే కరిగి, అరిగిన కత్తి అంచులా సన్నబడింది. ఈ చిగురు మీద ఎవరు సెట్టు చేసినా నిలవడం కష్టమని ఆ కోవిడ్ వరండాలో ఒక్క హిమబిందుకే తెలుసు. పుల్ల తిప్పి, గొట్టంలో విరిచి, మూత పెట్టింది.

పెద్దింట్లమ్మ నోరు మూసుకుని, పైట సర్దుకుని పక్కకు జరిగింది. మెడలో నల్లదారానికి చిన్న కత్తెర ఒకటి వేలాడుతోంది.

"తరవాతవాళ్ళు రండి" అంది హిమబిందు. "నోరు తెరవండి."