కౌంటరుకు కట్టిన రిపోర్టు

ఆశాజ్యోతి మేడం కుర్చీలో కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు ఆ కాలేజీలో ఎవరూ లేరు. పాలకొల్లులోని ఆ డిగ్రీ కాలేజీ లైబ్రరీలో ఆవిడకి మెత్త వేసిన కుర్చీ ఒకటుంది. దాని మీద ఎప్పుడూ పాత న్యూస్ పేపర్ల కట్టే కూర్చుని ఉంటుంది. ఆవిడ బీరువాల మధ్య తిరుగుతూ, తలకిందులుగా పెట్టిన పుస్తకాన్ని సరిచేస్తూ, కిటికీ రెక్క వేస్తూ, మళ్లీ తీస్తూ ఉంటుంది. ఆదివారం చర్చిలో పాస్టరుగారి ప్రసంగం సగానికి రాకముందే లేచి, వెనక బెంచీలో ఎవరి పసిపిల్ల ఏడుస్తుంటే ఆ పిల్లని ఎత్తుకుని వరండాలోకి వెళ్లిపోతుంది. మీ కాళ్లకి చక్రాలున్నాయండీ అని తోటి లెక్చరర్లు వేళాకోళం చేస్తారు. ఆవిడ నవ్వేసి ఊరుకుంటుంది.

ఆ తిరుగుడు వెనక ఒక దిగులుంది. వాళ్ల నాన్న ఏసుపాదం గారు మిషను స్కూల్లో టీచరు. పిల్లలు ఏదడిగినా "చూసొచ్చి నువ్వే చెప్పు" అనేవారు. చీమలు ఎటు పోతున్నాయని అడిగిన పాపానికి ఆశాజ్యోతి ఓ సెలవు రోజంతా పెరట్లో ఎండలో గడిపింది. ఆ అలవాటే ఒంటబట్టి, విశాఖలో లైబ్రరీ సైన్సు చదివి ఈ ఉద్యోగంలో చేరినప్పుడు, పిల్లలు ప్రశ్నలతో తనని ఊపిరి తీసుకోనివ్వరని అనుకుంది. పిల్లలు వచ్చారు. గుమ్మం దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టారు, ఫ్యాను కింద ఫోన్లు చూసుకున్నారు, బెల్లు కొట్టగానే వెళ్లిపోయారు. పుస్తకం పట్టుకెళ్లినవాళ్లు పరీక్షల గైడే పట్టుకెళ్లారు.

అందుకే తొమ్మిదేళ్ల కిందట కెమిస్ట్రీ వాళ్లు తాగునీటి సర్వే ప్రాజెక్టు పెట్టినప్పుడు ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ఒక్కొక్కరు ఒక్కో ఊరికెళ్లి, బోరింగుల్లో నీళ్లు పట్టి, చిన్న మీటరు ముంచి అంకె రాసుకోవాలి. నీళ్లలో ఉప్పులు పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది. ఐదు వందలు దాటితే తాగడానికి అంత మంచిది కాదంటారు. మొదటి ఏడు శ్యాంబాబు అనే విద్యార్థి సైకిలేసుకుని వాళ్లూరంతా తిరిగి, ఇరవై బోరింగులు కొలిచి, ముత్యాల్లాంటి దస్తూరితో రిపోర్టు రాశాడు. సగటు నాలుగు వందల పన్నెండు. మిగతావాళ్లకి ఎలా రాయాలో తెలియక తల పట్టుకుంటుంటే, ఆశాజ్యోతి ఆ రిపోర్టుకి నీలం అట్ట వేయించి, మోడల్ కాపీ అని రాసి, ఎవరూ ఎత్తుకుపోకుండా నైలాను తాడుతో కౌంటరుకు కట్టేసింది. ముడి మీద ముడి వేసింది. ఆ ముడి చూసుకుని ఆవేళ ఎంత మురిసిపోయిందో.

ఈ ఏడు ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం సారిక ఆ కౌంటరు దగ్గరే నిలబడి రబ్బరుతో కాగితం రుద్దుతోంది. కాలువ శివారు ఊరి పిల్ల. తండ్రి రొయ్యల చెరువుల మీద కూలి. రబ్బరు పొట్టు నేల మీద పడుతుంటే, ఊడవడానికి చీపురు పట్టుకొచ్చిన ఆశాజ్యోతి ఆ కాగితం వైపు చూసింది. పదహారు వందల ఎనభై అన్న అంకె చెరిగిపోతోంది. పక్కన మోడల్ కాపీ తెరిచి ఉంది.

"ఎందుకమ్మా చెరిపేస్తున్నావు?"

"ఇందులో ఉన్నట్టు రావాలంట మేడం. నావి ఎక్కువొచ్చాయి. మీటరు తప్పు చూపించుంటుందన్నారు సుధాకర్ సార్."

సుధాకర్ చెడ్డవాడేం కాదు. రోజుకి ఆరు క్లాసులు చెప్పి, గొంతు బొంగురుపోయి, రిపోర్టుల మీద సంతకాలు పెట్టే లెక్చరరు. ఏటా నాలుగు వందలే చూసిన కంటికి పదహారు వందలు తప్పుగానే కనిపించాయి. ఆశాజ్యోతి మాత్రం చీపురు అక్కడే పడేసి, బీరువా తెరిచి, తొమ్మిదేళ్ల రిపోర్టులన్నీ రీడింగ్ టేబుల్ మీద పరిచింది. శ్యాంబాబు ఊరు కాక నలభై మూడు ఊళ్లు. ఊరు మారింది, పేరు మారింది, అట్ట రంగు మారింది. నాలుగు వందల పన్నెండు మారలేదు. ఒక మహానుభావుడైతే శ్యాంబాబు ఊరి పేరు తీసేయడం కూడా మర్చిపోయాడు. ల్యాబులో అడిగితే, ఇన్నేళ్లలో మీటరు డ్రాయరు దాటింది శ్యాంబాబు కోసం, సారిక కోసం, రెండుసార్లేనని తేలింది. ప్రతి రిపోర్టు మీదా లైబ్రరీ ముద్ర ఉంది. వేసింది ఆవిడే. పిల్లలు ఎలా రాయాలో చూసుకుంటారని కడితే, ఏం రాయాలో కూడా చూసుకున్నారు. సిగ్గుతో ఆవిడ చెవులు వేడెక్కాయి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు శనివారం, మీటరు సంతకం పెట్టి తీసుకుని సారికతో బస్సెక్కింది. ముందు మీటరుని సీసా నీళ్లతో పరీక్షించింది. దానికి ఏ రోగమూ లేదు.

సారిక వాళ్లమ్మ సూరమ్మ కుర్చీ వేసి, కొనుక్కున్న వాటర్ టిన్నులోంచి గ్లాసుడు నీళ్లు తెచ్చిచ్చింది. తను మాత్రం పని చేసుకుంటూనే బోరింగు నీళ్లు దోసిట పట్టి తాగింది. ఆశాజ్యోతి తనకీ అవే కావాలంది. మీరు తాగలేరండి అంటున్నా వినకుండా ఒక గుక్క తాగింది. నాలుక చివర ఉప్పదనం సాయంత్రం దాకా పోలేదు. ఇద్దరూ కలిసి మళ్లీ ఇరవై రెండు బోరింగులు కొలిచారు. అంకెలు కాస్త అటూ ఇటూ అయినా, ఒక్కటీ వెయ్యికి తగ్గలేదు. వెళ్లబోతుంటే సూరమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ అసలు సంగతి చెప్పింది.

"మూడేళ్ల కిందట మీ కాలేజీ పిల్లే ఒకామె మా నీళ్లు బాగున్నాయని రాసిందంటండి. పంచాయతీకి ఓ కాపీ ఇచ్చింది. మేం మంచినీళ్ల పైపు కావాలని అర్జీ పెడితే సెక్రటరీ గారు ఆ కాగితమే చూపిస్తున్నారు. కాలేజీ వాళ్లకంటే నీకెక్కువ తెలుసా అంటే, నేనేం చెప్పనండి?"

వచ్చే శుక్రవారం గ్రామసభ. పైపులు వేయాల్సిన వీధుల జాబితా అప్పుడే ఖాయం చేస్తారు. ఆలోగా సారిక రిపోర్టు లెక్చరరు సంతకంతో పంచాయతీలో ఉండాలి. లేకపోతే ఇంకో ఏడాది ఆ ఉప్పునీళ్లే. ఆశాజ్యోతి బస్సులో సీటు ఖాళీ ఉన్నా పాలకొల్లు దాకా నిలబడే వచ్చింది.

సోమవారం పొద్దున్నే ప్రిన్సిపాల్ చంద్రరావు గారికి అంతా చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. గురువారం కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ కమిటీ వస్తోంది. పరిశోధన కింద చూపించడానికి ఆయన దగ్గరున్నవి ఆ రిపోర్టులే. బల్ల మీద వరసగా పేర్చమని అప్పటికే చెప్పి ఉన్నారు. మీరన్నది అబద్ధమనట్లేదమ్మా, వాళ్లు వెళ్లిపోయాక సర్దుకుందాం అన్నారు. సుధాకర్ కూడా గురువారం గడిచాకే సంతకం అన్నాడు. గడిచాక నలుగురూ ఎలా మర్చిపోతారో ఆవిడకి తెలుసు. మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. వేసిన కిటికీనే పదిసార్లు వేసింది. ఉద్యోగం పోతుందేమోనన్న భయమూ ఉంది, లేదంటే అది అబద్ధం.

గురువారం కమిటీ వచ్చేసరికి రిపోర్టులు ప్రిన్సిపాల్ గారు చెప్పినట్టే వరసగా ఉన్నాయి. కాకపోతే అన్నీ ఒకే పేజీ దగ్గర తెరిచి ఉన్నాయి. వాటి చివర సారిక రిపోర్టు, సూరమ్మ ఇంటి ముందు బోరింగు నీళ్ల సీసా, మీటరు, రెండు ముక్కలుగా కోసిన నైలాను తాడు. కమిటీ పెద్దాయన ఇదేంటండీ అని తాడు ఎత్తి చూపించాడు. చంద్రరావు గారు నేల వైపు చూశారు.

"పిల్లలు చూసి నేర్చుకుంటారని ఈ తాడు నేనే కట్టానండి," అంది ఆశాజ్యోతి. "తొమ్మిదేళ్లు చూసి రాశారు. కొలవమని నేను చెప్పలేదు, కొలిచారా అని అడగలేదు. లైబ్రరీలో మీటరు ఉండాల్సిన చోట జవాబు పెట్టాను."

పెద్దాయన సీసా మూత తీసి మీటరు ముంచాడు. పదహారు వందల తొంభై. అదే ఊరి పాత రిపోర్టు పక్కనే ఉంది, నాలుగు వందల పన్నెండని. సుధాకర్ ముందుకొచ్చి మీటరు తుడిచి, తనే ఇంకోసారి ముంచి చూశాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి సారిక రిపోర్టు మీద సంతకం పెట్టాడు. సాయంత్రానికి ఆశాజ్యోతికి సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

శుక్రవారం గ్రామసభకి గంట ముందే సారికతో పంచాయతీ ఆఫీసుకి వెళ్లింది. గుమ్మం బయట సూరమ్మ, వీధిలోని మరో పది మంది ఆడవాళ్లు నిలబడ్డారు. సెక్రటరీ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చూశారు.

"రెండింటి మీదా మీ కాలేజీ ముద్రే ఉంది కదండీ. నేను దేన్ని నమ్మాలి?"

ఆ ప్రశ్న ఆవిడకి గట్టిగానే తగిలింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. పాత రిపోర్టు ముందుకు జరుపుకుని, మొదటి పేజీ మీద తన చేత్తో రాసింది: ఈ అంకెలు ఈ ఊరివి కావు, కొలవకుండా రాసినవి, ఈ ముద్ర చూడకుండా వేసింది నేను. కింద పేరు, హోదా, తేదీ వేసింది. ఒక్కసారి కూడా లేవలేదు. సెక్రటరీ అది చదివి, జాబితా కాగితం తీసి, శివారు వీధి పేరు ఎక్కించారు. గుమ్మంలోంచి చూస్తున్న సూరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

టీ తెప్పిస్తాను కూర్చోండంటూ సెక్రటరీ, మాట వరసకి, ఇలాంటి రిపోర్టులు ఇంకేమైనా ఉన్నాయా అని అడిగారు.

"నలభై రెండు ఊళ్లున్నాయండి," అంది ఆశాజ్యోతి అప్పటికే లేచి నిలబడి. "తర్వాతి బస్సు ఎన్నింటికి?"