అసలు బోర్డు, అట్ట బోర్డు

ఏడో తరగతిలో బడి మానేశాను. కరెంటు పాఠం పుస్తకం చివర్లో ఉండేదట. అక్కడిదాకా నేను పోలేదు. తర్వాత అదే నన్ను వెతుక్కుంటూ వచ్చి, వారానికోసారి వేళ్ల మీద వాయించి మరీ చెప్పింది. అలా ఎలక్ట్రీషియన్నయ్యాను.

జూబ్లీహిల్స్‌లో ఒక పాత బంగళా. ఇంటావిడ రిటైరైన టీచరు, కాకినాడ వైపు మనిషి. గోడల మీద చెక్క పట్టీలు, వాటిలో గుడ్డ చుట్టిన తీగలు. ముట్టుకుంటే విభూతిలా రాలేవి. అవన్నీ మార్చమని నన్ను పిలిచారు. అదే వారం హాలును షూటింగుకి కిరాయికిచ్చారు. సినిమావాళ్లకు ఆ ఇంట్లో అన్నిటికంటే నచ్చింది నేను పీకి పారేయాల్సిన స్విచ్చుబోర్డు! హాస్యనటుడు అందులో చెయ్యిపెట్టి షాక్ తినే సీనట. దాని పక్కనే అట్టతో అచ్చం అలాంటిదే ఇంకోటి చేసి బిగించారు. అదే పగులు, అదే మసి, మూలన అదే బల్లి గుడ్డు.

పాత ఇళ్లలో నేను స్విచ్చును నమ్మను. ఎప్పుడో ఎవరో తీగలు తారుమారు చేసి ఉంటే, స్విచ్చు ఆపినా లోపల కరెంటు అలాగే ఉంటుంది. అందుకే మెయిన్ దగ్గర ఫ్యూజు ఊడబీకి చొక్కా జేబులో వేసుకుంటాను. అది జేబులో ఉన్నంతసేపూ ఆ ఇంటికి నేనే జమీందారుని.

ఆ రోజు అసలు బోర్డు మూత విప్పి చాయ్‌కి కూర్చున్నాను. ప్రొడక్షన్ మేనేజర్ వచ్చి బతిమాలాడు.

"అన్నా, హీరోయిన్ మేకప్ కారిపోతున్నది. జర ఫ్యాన్ తిరగనియ్యి. ఐదు నిమిషాలే."

హీరోయిన్ అనేసరికి నా నియమం కూడా కారిపోయింది. ఫ్యూజు ఇచ్చేశాను. బోర్డుకు మూత పెట్టడం మరిచాను.

చాయ్ సగంలో ఉండగా "సైలెన్స్!" అని కేక. హాస్యనటుడు మీసం దువ్వుకుంటూ గోడవైపు నడుస్తున్నాడు. నా బోర్డు వైపే! జేబు తడుముకున్నాను. బీడీ కట్ట తగిలింది.

"అటు కాదన్నా! అది అసలుది!"

నలుగురు నా మీద పడి "ష్!" అన్నారు. షాట్ నడుస్తుంటే అక్కడ దగ్గు కూడా నేరమే. వాళ్లను విదిలించుకుని వరండాలోని మెయిన్ దగ్గరికి ఉరికి ఫ్యూజు లాగేశాను. ఫ్యాన్ ఆగింది. షూటింగు లైట్లు జనరేటర్ వ్యానువి కాబట్టి వెలుగుతూనే ఉన్నాయి.

వెనక్కి తిరిగి చూద్దును కదా, ఆయన బోర్డులో చెయ్యిపెట్టి గజగజా వణుకుతున్నాడు. ఫ్యూజేమో నా గుప్పిట్లో! ఈ కొంపలోకి ఇంకో లైను ఎటునుంచైనా వస్తోందా? ఆలోచించే టైమెక్కడిది? చెక్క స్టూలు ఎత్తి ఒక్క తోపు తోశాను. ఆయన వెళ్లి సోఫా మీద పడ్డాడు. సోఫా కాలు విరిగింది. ఆయన అక్కణ్నుంచే అరిచాడు.

"యాక్టింగ్ చేస్తున్న గదరా! ఇంత మంచిగ వణుకుతుంటే కనబడతలేదా?"

డైరెక్టరు తల పట్టుకున్నాడు. నేను ఫ్యూజు తిరిగి పెట్టించి, ఆయన చెయ్యి ఉంచిన చోట టెస్ట్ బల్బు ఆనించాను. ఫస్ట్ షో టికెట్టు దొరికినవాడి ముఖంలా వెలిగింది. హాస్యనటుడు తన వేళ్లు ఒక్కొక్కటే తడిమి చూసుకున్నాడు.

సాయంత్రం టీచరమ్మ ముందు ఛాతీ విరుచుకున్నాను. "చూసిన్రా మేడమ్? బడి ఎగ్గొట్టినోడు ఒక ప్రాణం కాపాడిండు."

ఆవిడ కళ్లజోడు సర్దుకున్నారు.

"చదువుకునుంటే దానిమీద 'అసలుది' అని నాలుగక్షరాలు రాసిపెట్టేవాడివి బాబూ. ఆయనకి ఆ తోపు తప్పేది, నా సోఫాకి కాలు మిగిలేది."