అనుమానాల బాబాయి జాబితా

పార్టీ ఆఫీసులో రికార్డులు చూసే పెద్దాయనను అందరూ అనుమానాల బాబాయి అంటారు. దేశాధ్యక్ష పదవికి పార్టీ తరఫున పోటీచేసినవాళ్ళ జాబితా ఆయన చేతిలోనే ఉంటుంది. రోజూ రాగానే కళ్ళద్దాలు తుడుచుకుని, గోడమీది బోర్డుతో దాన్ని పేరు పేరునా సరిచూస్తాడు. ఎవరైనా దగ్గరికొస్తే అరచెయ్యి అడ్డుపెడతాడు. గెలిచినా ఓడినా ప్రతి పేరూ నల్ల ఇంకుతోనే ఉండాలి.

నిన్న కొత్త అభ్యర్థి స్వయంగా వచ్చి, నవ్వుతూ ఆయన భుజంమీద చెయ్యి వేశాడు. "బాబాయ్, తర్వాత పార్టీ మారినవాళ్ళ పేర్లు కూడా ఇందులో ఉంచేస్తారా?" "పోటీచేశాక తియ్యడం ఉండదు బాబూ. ఎందుకూ?" "ఊరికే అడిగాను." ఊరికే అన్న మాటను బాబాయి ఏనాడూ నమ్మలేదు. అతను మెట్లు దిగి కారెక్కేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. తర్వాత ఇంకు పెన్నుకు మూత పెట్టి, పెన్సిలు చెక్కుకుని, అతని పేరు రాశాడు.