ఆవకాయ కలిపే చెయ్యి

మొన్న బీచ్ రోడ్డు మీద పొద్దుటి నడకలో కలిసిన ఒక పెద్దాయన, పేరు కన్నా ముందు తాను రిటైరైన హోదా చెప్పుకున్నారు. అడగని సంగతి నాకెందుకు చెప్పినట్టు, నాతో ఆయనకేం పని పడిందోనని ఇల్లు చేరేదాకా ఆలోచించాను. నా అనుమానాల సంగతి తెలిసిన మా ఆయన నవ్వి ఊరుకున్నారు గానీ, నాకు మాత్రం నా పాత ఉద్యోగం గుర్తుకొచ్చింది.

డెబ్బైల చివర్లో, హార్బరు దగ్గర ఓడల వ్యవహారాలు చూసే ఒక ఆఫీసులో నేను టెలిఫోన్ ఆపరేటర్ని. ఫోనంటే పెద్దవాళ్ల ఇళ్లలో తప్ప కనబడని కాలం కనుక పాతనగరంలో మా వీధికంతటికీ నేను టెలిఫోనమ్మని. చర్చిలో కూడా బెంచీ మీద జరిగి మరీ చోటిచ్చేవారు. కబురు అడగడానికి వచ్చినవాళ్లు ఉత్త చేతులతో రాక ములక్కాడలో, రెండు చేపలో పట్టుకొచ్చేవారు. బెల్లం ఉన్నచోటే ఈగలు ముసురుతాయని మా అమ్మ అంటూండేది, ఆ మాట నాకు చిన్నప్పుడే ఒంటబట్టింది.

అందరికన్నా ఎక్కువ అనుమానం పక్కింటి అక్క మీద. తగరపువలస దగ్గరి పల్లె నుంచి వచ్చిన రైతు కుటుంబం వాళ్లది. ఆమె భర్తకు ఓడలో ఉద్యోగం, ఆ ఓడ రేవుకు ఎప్పుడొస్తుందో వీధిలో అందరికన్నా ముందు తెలిసేది నాకే. ఒక వేసవిలో ఆమె చెయ్యి తెగితే ఆవకాయ నేను కలిపిపెట్టాను. మళ్లీ కొత్త కాయలు వచ్చేదాకా అది చెక్కు చెదరలేదట. అప్పట్నుంచి నా చెయ్యి మంచిదని, కలపడం నా వంతే అయింది. పిలుపులేమీ ఉండేవి కావు. వాళ్ల పెరట్లో కత్తిపీట మీద కాయలు తెగే చప్పుడు వినబడగానే చేతులు కడిగి, తడి లేకుండా తుడుచుకుని వెళ్లిపోయేదాన్ని. ఆవకాయ పెట్టే రోజున అయినవాళ్లను కూడా బేసిన్ ముట్టనివ్వని ఇంట్లో, చర్చికి వెళ్లే నన్ను పీటేసి కూర్చోబెట్టడమంతా ఓడ కబుర్ల కోసమేనని లోలోపల అనుకునేదాన్ని.

ఎనభైల మధ్యలో ఆఫీసుకు ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి వచ్చింది. నన్ను వెనకగదిలో కవర్లకు స్టాంపులు అంటించే పనిలో వేశారు. జీతం తగ్గలేదు గానీ మనిషిని నేనే తగ్గిపోయాననిపించింది. ఎంత దాచినా వీధికి తెలిసిపోయింది, ములక్కాడలు ఆగిపోయాయి, చర్చి బెంచీ ఇరుకైపోయింది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. ఇక మిగిలింది అక్క ఒక్కతే. ఆమె సంగతీ మామిడికాయల రోజుల్లో తేలిపోతుందని కాచుకుని కూర్చున్నాను.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి కత్తిపీట చప్పుడు వినబడింది. నేను కదలలేదు. కావాలంటే తనే పిలుస్తుందిలే అనుకున్నాను. చప్పుడు ఆగిపోయింది, పిలుపు రాలేదు, ఆవఘాటు మాత్రం గోడ దాటి వచ్చింది. ఆ ఘాటుకో అవమానానికో నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ టెలిఫోన్ బోర్డు ముందు కుర్చీ తీసేస్తే నాలో ఇంకేమీ లేదా అని కుమిలిపోయాను.

పొద్దు వాలుతుండగా అక్క బేసిన్ నడుమున పెట్టుకుని మా గుమ్మం ఎక్కింది.

“ఏటే సెల్లీ, పొద్దున్నుంచి సూత్తన్నాను, రావేటి? ముక్కలు నీరు కారిపోతన్నాయి. నువ్వు రాకపోతే నానే మోసుకొచ్చేసినాను.”

ఓడ కబుర్లు ఇక నా దగ్గర లేవని మొహం మీదే చెప్పేశాను.

“ఓడ దారి ఓడదే, వచ్చినప్పుడు వత్తాది. ఆవకాయ పాడైపోతే ఏడాదంతా పిల్లలకేటి ఎట్టను? సెయ్యి తేవే!”

కలుపుతున్నంతసేపూ, ఈమెకు నా దగ్గర ఇంకేం కావాలోనని వెతుకుతూనే ఉన్నాను. ఏమీ దొరకలేదు. ఆ ఏడాదంతా ఆ జాడీ పాడవకూడదని ప్రభువును వేడుకున్నాను. ఉద్యోగం గురించి కూడా అంతగా వేడుకోలేదు. పాడవలేదు.

అక్క పోయి చాలా ఏళ్లయింది. ఆవకాయ ఇప్పుడు సీసాల్లో దొరుకుతుంది, ఫోను లేని చెయ్యి లేదు, మా అపార్ట్‌మెంటులో ఎవరికీ ఎవరితోనూ పని పడదు. ఎందుకొచ్చారో అని అనుమానపడదామన్నా, ఇప్పుడు మా తలుపు తట్టేవాళ్లే లేరు.