మహాప్రసాదం వద్దన్న రోజు

పూరీలో మా సందులో అందరూ హారమణి మౌసీ, అంటే పిన్ని, అని పిలిచే మనిషిని పక్కింటి కనకలత మాత్రం "మహాప్రసాద్" అని పిలిచేది. మౌసీ కూడా ఆవిడను అలాగే పిలిచేది. చిన్నప్పుడు వాళ్ల తల్లులు ఇద్దరినీ పెద్దగుడిలో ప్రసాదం అమ్మే ఆనందబజారుకు తీసుకెళ్లి, మహాప్రసాదమనే జగన్నాథుడి అన్నం ఒకరి చేత ఒకరికి తినిపించారట. పూరీలో అలా కలిసిన స్నేహానికి కొన్ని కట్టుబాట్లున్నాయి. ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు. మాటా మాటా అనుకోకూడదు. ఒకరు నోరు తెరిచి అడిగితే రెండోవాళ్లు కాదనకూడదు.

మౌసీ దీపాలకు వత్తులు చేసి బతికింది. భర్త పోయాక సింహద్వారం దగ్గర గోనె పరుచుకుని వత్తులమ్మి కూతుళ్లిద్దరి పెళ్లిళ్లు చేసింది. మోకాళ్లు పట్టేశాక గుడి మెట్లెక్కడం మానుకుంది. ఇంట్లోనే వత్తులు చేస్తే దుకాణాలవాళ్లు వచ్చి తీసుకెళ్లేవారు. గుడికి వెళ్లలేని బెంగ మాత్రం ఆమెకు ఉండేది కాదు. రోజూ పొద్దువాలే వేళ ఒక్కో మెట్టు మీదా కూర్చుంటూ తన డాబా ఎక్కేది. అక్కడినుంచి గుడి శిఖరం, దాని మీద నీలచక్రం కనిపించేవి. సేవకుడు వీపున జెండాలు కట్టుకుని పైకి పాకి, పాతవి తీసి కొత్తవి కడుతుంటే చేతులు జోడించి చూసేది. లోపలికి వెళ్లలేనివాళ్లకు ఆ జెండా చూసినా దర్శనమేనని మా ఊరివాళ్ల నమ్మకం. ఆ తర్వాతే మౌసీ ఇంత నోట్లో వేసుకునేది.

నిరుడు కనకలత కొడుకు నిరంజన్ తన ఇంటిమీద అంతస్తు వేశాడు. గోడ లేచేకొద్దీ మౌసీకి ముందు శిఖరం మొదలు పోయింది, తర్వాత నడుము పోయింది, చివరికి జెండా కూడా పోయింది.

మహాప్రసాద్‌ను పల్లెత్తు మాట అనకూడదు. అందుకని మౌసీ సందులో తిరిగే ఆవుతో చెప్పుకునేది.

"చూశావుటే తల్లీ, కొంతమంది ఆకాశం కూడా కొనేసుకున్నారు."

కనకలత తన అరుగు మీద ఆరబెట్టిన మినప వడియాలకు జవాబు చెప్పేది.

"మీకేం తల్లీ, హాయిగా ఎండలో పడున్నారు. కొడుకూ కోడలూ పసివాడూ ఒక్క గదిలో ఎలా నలుగుతారో మీకేం తెలుస్తుంది?"

ఎదురు గుమ్మంలో విస్తళ్లు కుట్టుకుంటూ నేను తల వంచుకుని నవ్వుకునేదాన్ని. కానీ మౌసీ రాత్రిపూట తినడం మానేసిందని తెలిశాక నవ్వు రాలేదు. దర్శనం లేకుండా అన్నం ఎలా తింటానని ఆమె పట్టు. ఓ పూట అటుకులు నానబెట్టుకుని కాలం గడిపేది. మెడలో గొలుసు వదులైంది. కూతుళ్లు వచ్చి బతిమాలినా వినలేదు.

ఆ సంగతి ఎవరు చెప్పారో, ఒకరోజు మధ్యాహ్నం కనకలత స్వయంగా గుడికెళ్లి చిన్న మట్టికుండలో మహాప్రసాదం తెచ్చింది. తిన్నగా మౌసీ వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"మహాప్రసాద్, ఇంత తిను."

మౌసీ వత్తి చేస్తూ తలెత్తలేదు. "నాకు కడుపు బాగాలేదు" అంది.

నా చేతిలో ఈనెపుల్ల ఆగిపోయింది. పూరీలో జ్వరంతో పడున్నవాడు కూడా ఒక్క మెతుకు నాలిక మీద వేసుకుని కళ్లకద్దుకుంటాడు. శత్రువు పెట్టినా ఎవరూ వద్దనరు. అన్న మాట తన చెవిన పడ్డాక మౌసీ ముఖం కూడా పాలిపోయింది. కానీ వెనక్కి తీసుకోలేకపోయింది.

కనకలత కుండ వెనక్కి పట్టుకెళ్లలేదు, దించనూ లేదు. ఒళ్లో పెట్టుకుని ఆ వాకిట్లోనే నేలమీద కూర్చుంది. కోడలు వచ్చి పిలిచినా లేవలేదు. ఎండ గోడ దిగి ఆవిడ కాళ్ల దగ్గరికి వచ్చింది. మౌసీ చేతుల్లో దూది ఉండలు కడుతోంది కానీ ఒక్క వత్తీ తేరడం లేదు.

చివరికి మౌసీయే గోడ పట్టుకుని లేచింది. వచ్చి ఎదురుగా కూలబడింది.

"జగన్నాథుడి అన్నం చేతిలో ఉంది. అబద్ధం చెప్పకు. గోడ లేపొద్దంటే కొడుకు నీ మాట వినలేదా?"

వినలేదని చెబితే సరిపోయేది. ఎవరైనా అలాగే చెబుతారు.

"వినేవాడే. నేనే ఆపలేదు. నాకు గది కావాల్సొచ్చింది" అంది కనకలత.

"మరి నన్నొక్క మాట అడగొచ్చుగా?"

"ఎలా అడగను? అడిగితే నువ్వు కాదనకూడదు. మనసులో ఏడుస్తూ సరేననేదానివి. నీ జెండా నీ చేతే ఇప్పించుకున్నట్టవుతుందని..." ఆవిడ కుండను ఒళ్లో సర్దుకుంది. "అడక్కుండా లాక్కోవడమే నయమనుకున్నాను. బుద్ధి లేక."

మౌసీ కుండ దగ్గరికి లాక్కుంది. తర్వాత ముద్ద తీసి ముందు కనకలత నోట్లో పెట్టింది. ఆవిడ పెట్టిన ముద్ద తను తింది. చల్లారిన అన్నం, పప్పు కలిసి మెతుకులు గడ్డం మీదికి జారాయి. ఏరుకుని అవి కూడా తిన్నది.

"ఇప్పుడు అడుగుతున్నాను, రోజూ నా మేడెక్కి చూడు" అంది కనకలత.

"నీ మెట్లు నిలువుగా ఉంటాయే."

"కూర్చుని ఎక్కుదువుగాని. వెనక నేనుంటా."

వాళ్లు పైకి చేరేసరికి పొద్దువాలింది. సేవకుడు అప్పటికే దిగిపోతున్నాడు. కొత్త జెండా గాలికి విప్పుకుంటోంది. పక్కన గిన్నెలో పసివాడికి కలిపిన పాల అన్నం ఉంది. మౌసీ దండం పెట్టుకుని, అందులోంచి ఓ పిడికెడు పెట్టమని కనకలత ముందు చెయ్యి చాచింది.