తిరుమలకి పడని బొండాలు

తిరుమల అన్న పేరు ఆడపిల్లకీ పెడతారు, మగపిల్లాడికీ పెడతారు. ఆ ఒక్క విషయంలో తిరుమల తన తల్లిదండ్రులకి మనసులోనే దండం పెట్టుకునేది. మిగతావన్నీ మార్చుకోవలసి వచ్చినా పేరు మార్చుకునే పని తప్పింది. ఊరికి మాత్రం ఆమె లక్ష్మమ్మ కొడుకే. ఉద్దానంలో మగపిల్లాణ్ని గుంటడంటారు, ఆడపిల్లని గుంట అంటారు. లక్ష్మమ్మ పొద్దుట లేచింది మొదలు "మా గుంటడు, మా గుంటడు" అంటూనే ఉండేది. ఆ చివరి "డు" విన్నప్పుడల్లా తిరుమలకి చెప్పులో రాయి పడ్డట్టుండేది.

రెండువేల ఎనిమిది వేసవిలో ఆమె తల్లికి చెప్పకుండా విశాఖపట్నం వెళ్లి, ఒక డాక్టరమ్మ దగ్గర మాత్రలు మొదలుపెట్టింది. ఒకటి ఒంటికి ఆడతనం తెచ్చేది, ఇంకొకటి మగతనాన్ని అణిచేది. రక్తపరీక్ష చేయించాకే డాక్టరమ్మ మందు రాసింది. రొమ్ములు సలుపుతాయనీ, కళ్లు తిరగొచ్చనీ, మాటిమాటికీ ఒంటేలుకి వెళ్లాల్సి వస్తుందనీ ముందే చెప్పింది. పళ్లరసాలూ అవీ తగ్గించమని కూడా అంది. పళ్లరసాలు తాగే ఇంట్లో పుట్టాను గనకనా అనుకుని తిరుమల ఆ మాట అక్కడే వదిలేసి వచ్చింది. మాత్రల్ని పెట్టెలో చనిపోయిన తండ్రి లుంగీ మడతలో దాచింది. ఆ లుంగీని లక్ష్మమ్మ ముట్టుకోదు.

తిరుమల పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో బస్తాలు మోసేది. కొన్నాళ్లకి బస్తా ఎదకి తగిలితే ప్రాణం పోయినంత పనయ్యేది. చొక్కా రాసుకున్నా సలుపే. ఆ నొప్పికి మాత్రం ఆమె లోలోపల మురిసిపోయింది. నొప్పికి మురిసేవాళ్లు ఉంటారా అంటే, ఉంటారు.

తర్వాత దాహం మొదలైంది. ఆ వెనకే మాటిమాటికీ పెరట్లోకి వెళ్లడం, లేచి నిలబడితే కళ్లు చీకట్లు కమ్మడం. ఇవన్నీ డాక్టరమ్మ చెప్పినవే. కానీ ఉద్దానంలో పుట్టినవాళ్లకి అవి మందు లక్షణాల్లా కనబడవు. తండ్రి అసిరయ్యకి కూడా మొదట్లో ఇలాగే నీరసం. ఆ తర్వాత కాళ్లు పొంగాయి, విశాఖ ఆసుపత్రుల చుట్టూ తిరిగారు, మనిషి దక్కలేదు. ఇంటింటా ఆ రోగమే ఉన్న ఆ ఊళ్లో కిడ్నీ అన్న మాట ఎవరూ గట్టిగా అనరు. తిరుమల బొటనవేలితో మోకాలి కింద ఎముక మీద నొక్కి చూసుకునేది. నొక్కిన చోట గుంత నిలిస్తే నీరు పట్టినట్టు. గుంత పడలేదు. అయినా కాసేపాగి మళ్లీ నొక్కేది. ఆడదాన్నవ్వాలన్న ఆశతో అయ్య రోగాన్ని చేతులారా తెచ్చుకున్నానా అని వణికిపోయేది. మాత్రలు మానేద్దామని పెట్టె తెరిచేది. మానితే మళ్లీ ఆ మగ ఒంట్లోకే పోవాలి. అది తలుచుకుంటే అదో భయం.

లక్ష్మమ్మ కళ్లు చిన్నవా? కొడుకు పెరట్లోకి ఎన్నిసార్లు పోతున్నాడో కనిపెట్టింది. మేనల్లుడు ఢిల్లీబాబుని చెట్టెక్కించి బొండాలు దింపించింది. అసిరయ్యకి రోగం ముదిరాక డాక్టర్లు కొబ్బరినీళ్లు వద్దన్నారు. ముదరకముందే తాగిస్తే రోగమే రాదని ఆమె నమ్మకం. పొద్దున బొండాం, మధ్యాహ్నం బొండాం, ఫ్యాక్టరీకి సీసాలో అవే నీళ్లు. తిరుమలకీ అదే నమ్మకం. ఉద్దానంలో కొబ్బరినీళ్లు పళ్లరసం కాదు, మందు.

తాగేకొద్దీ ఒళ్లు ఇంకా బరువెక్కింది. ఒకనాడు ఫ్యాక్టరీలో బస్తా ఎత్తబోతే కాళ్లు మాట వినలేదు. గుండె రెండు దెబ్బలు కొట్టి, ఆగి, మళ్లీ కొట్టినట్టయింది. చచ్చిపోతున్నాననే అనుకుంది తిరుమల. బూత్ నుంచి డాక్టరమ్మకి ఫోన్ చేస్తే వెంటనే రమ్మంది. ఫ్యాక్టరీ పని మీద వెళ్తున్నానని ఇంటికి కబురంపి, ఆ రోజే విశాఖ రైలెక్కింది.

"ఏం తింటున్నావు? ఏం తాగుతున్నావు?" అనడిగింది డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి.

"ఏటీ లేదండి. కొబ్బరినీళ్లే. దాహమేసినప్పుడల్లా."

డాక్టరమ్మ తల పట్టుకుంది. ఆ రెండో మాత్ర ఒంట్లోని పొటాషియంని బయటికి పోనివ్వదట. కొబ్బరినీళ్ల నిండా ఉండేది అదేనట. ఇంకొన్నాళ్లు ఇలాగే తాగి ఉంటే గుండె ఆగేదని మొహం మీదే చెప్పింది. మందులెక్కించి, మర్నాటిదాకా ఆసుపత్రిలోనే ఉంచింది.

"మరి నా కిడ్నీలండి?"

"ఇప్పటికి బాగానే కనిపిస్తున్నాయి. ఆ మాత్ర ఆపు, బొండాలు మానెయ్. వారం తర్వాత పలాసలో పరీక్ష చేయించు. అప్పటికీ దిగకపోతే కిడ్నీల సంగతి చూడాలి."

ఇంటికొచ్చేసరికి లక్ష్మమ్మ గుమ్మంలో బొండాం చెక్కుతోంది.

"తాగీరా. ముకం సూడు ఎలగైపోనాదో."

"వొద్దమ్మా."

"ఏటి వొద్దు?"

"డాక్టరు వొద్దన్నారమ్మా."

నోట్లోంచి మాట వచ్చాక గానీ తిరుమలకి తను చేసిన తప్పు తెలియలేదు. ఆ ఇంట్లో ఆ మాటకి ఒకటే అర్థం. లక్ష్మమ్మ చేతిలో బొండాం కిందపడి నీళ్లన్నీ గడప మీద పారాయి. ఆమె గోడకి జారబడి కూర్చుంది.

"మీ అయ్యకి గూడా అలగే సెప్పినారు" అంది.

సగం నిజం చెప్పి ఊరుకుంటే తల్లి ఆ భయంతోనే మంచం పడుతుంది. తిరుమల పెట్టెలోంచి మాత్రలు తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"రోగం గాదమ్మా. ఈ మాత్తర్లకి కొబ్బరినీళ్లు పడవు. అంతే."

"ఏటి మాత్తర్లివి?"

"నాను గుంటణ్ని కాదమ్మా. సిన్నప్పట్నుంచీ కాను. ఒంటిని గూడా అలగే సేసుకోడానికి ఏసుకున్నాను."

లక్ష్మమ్మ ఆ మాత్రల్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తిడుతుందనీ, కొడుతుందనీ, తలుపేసుకుంటుందనీ తిరుమల బిక్కచచ్చి నిలబడింది.

"అయితే కిడ్నీ గాదా?" అంది లక్ష్మమ్మ.

"వారం పోయాక మళ్లీ పరీచ్చ సెయ్యాలి. అప్పుడు తెలుస్తాది."

ఆ వారమంతా లక్ష్మమ్మ మాట్లాడలేదు. వండి పెట్టింది, మొహం చూడలేదు. "గుంటడా" అని కూడా పిలవలేదు. రక్తంలో ఏం తేలుతుందన్న భయం ఒకపక్క, తల్లి ఇక జన్మలో పిలవదేమోనన్న భయం ఇంకోపక్క. తిరుమలకి అన్నం సయించలేదు. పరీక్ష రోజు మాత్రం లక్ష్మమ్మ రమ్మనకుండానే వచ్చి ఆటో ఎక్కింది.

పొటాషియం దిగింది. కిడ్నీలు బాగున్నాయి. ఆ మాత్రని సగానికి తగ్గించి మొదలుపెట్టమనీ, మానకుండా పరీక్షలు చేయించుకోమనీ డాక్టరమ్మ ఫోన్లో చెప్పింది. లక్ష్మమ్మ ల్యాబు అతన్ని "కిడ్నీ గాదు గదా బాబు" అని అడిగి, అది చాలదన్నట్టు మళ్లీ అడిగింది. తిరుమల మాత్రం ఆటోలో కూర్చున్నాక కూడా చెయ్యి దానంతటదే పోయి కాలి ఎముక నొక్కి చూసుకుంది.

ఇంటి ముందు ఢిల్లీబాబు బొండాల గెల దించి నిలబడ్డాడు. "అత్తా, బావకి లేతవి సూసి తెచ్చినాను" అన్నాడు.

"అట్టుకెళ్లిపో నాయినా" అంది లక్ష్మమ్మ. "మా గుంటకి పడవు."

అత్త నోరు జారిందనుకుని ఢిల్లీబాబు నవ్వాడు. లక్ష్మమ్మ నవ్వలేదు. తిరుమల చెయ్యి పట్టుకుని ఆటోలోంచి దింపుతూ, ఈసారి వీధికంతా వినబడేట్టు అంది.

"పడవని సెప్పినాను గదా, మా గుంటకి."